సర్వేపల్లి: ఒక ఇంటిపేరు, ఒక ఉపాధ్యాయుడు



ఈ ఏడాది అడ్మిషన్ల రోజుల్లో ఆరో తరగతిలో చేరడానికి వచ్చిన ఒక అమ్మాయి ఫారం నా చేతికి వచ్చింది. పేరు రాయడానికి అందులో మూడు గడులు ఉన్నాయి. మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు. ఆ అమ్మాయి తెలుగింటి పిల్ల. నాన్నగారి బదిలీల వల్ల అప్పటికే నాలుగు బడులు మారింది. మొదటి బడి టి.సి.లో ఇంటిపేరు ముందు ఉంది. రెండో బడిలో అది వెనక్కి వెళ్ళింది. మూడో బడిలో ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. నాలుగో బడిలో ఆ అక్షరం కూడా పోయింది. వీటిలో ఏది రాయాలని ఆ అమ్మాయి నన్ను అడిగింది. కాసేపు ఆగి, ఇంటిపేరు అసలు రాయకపోతే ఏమవుతుందని కూడా అడిగింది. అది ఏదో ఊరి పేరని అమ్మమ్మ చెప్పిందట. ఆ ఊరు తను చూడలేదు, వాళ్ళ నాన్నగారూ చూడలేదు. చూడని ఊరి పేరు మోయడం ఎందుకన్నది ఆ పిల్ల సందేహం.

ఆఫీసు గదిలో జనం వరుసలో నిలబడి ఉన్నారు. నేను ఏదో సర్దిచెప్పి పంపేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేనూ బదిలీల మనిషినే. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, డిగ్రీ పట్టాలో పొడి అక్షరం మాత్రమే ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ ఇద్దరూ ఒకరేనని నిరూపించుకోవడానికి అఫిడవిట్ రాయించుకుని ఒక కార్యాలయం చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఆ రోజున నాకూ ఈ ఇంటిపేరు ఎందుకొచ్చిన తంటా అనిపించింది.

ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబు ఒక మహనీయుడి జీవితంలో ఉంది. ప్రతి సెప్టెంబరు 5న మనం ఆయన పటానికి దండ వేస్తాం. ఆయన పేరు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన జీవితం మీరు చాలాసార్లు చదివి ఉంటారు. ఈసారి ఆయన ఇంటిపేరు వెంట నడుస్తూ చదువుదాం.

ఇంటిపేరు ఎక్కడి నుంచి వస్తుంది?

తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది, పెట్టిన పేరు తర్వాత వస్తుంది. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్లే. ఒక కుటుంబం ఒక ఊరు విడిచి మరో ఊరు చేరినప్పుడు, కొత్త ఊరివాళ్ళు వారిని ఫలానా ఊరివారు అని పిలుస్తారు. ఆ పిలుపే తరాలు గడిచేసరికి ఇంటిపేరుగా స్థిరపడుతుంది. ఇందులో ఒక విశేషం గమనించండి. సొంత ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవవలసిన పని లేదు, అక్కడ అందరూ ఆ ఊరివారే కదా. ఊరు కదిలినవారికే ఊరి పేరు అవసరమవుతుంది. అంటే ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న చాలా కుటుంబాల్లో, ఎప్పుడో ఒక తాతగారు మూటాముల్లె సర్దుకుని బయలుదేరి ఉంటారు.

మన వ్యాకరణం కూడా ఈ సంగతి చెబుతుంది. టంగుటూరు అనే ఊరి పేరు టంగుటూరి అయింది, కందుకూరు కందుకూరి అయింది. ఊరు అనే మాట ఊరి అని మారితే ఊరికి చెందిన అని అర్థం. అలాగే పాడు అనేది పాటి అవుతుంది. పల్లి అనే మాట చివర ఇకారం ముందే ఉంది కాబట్టి అది మారకుండా అలాగే నిలుస్తుంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు, కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు మీరు పాఠాల్లో చదివారు. ఆ పేర్లలో మొదటి మాట చివరి అక్షరం ఇకారంతో ఎందుకు ముగుస్తుందో ఇప్పుడు మీకు తెలిసింది.

అన్ని ఇంటిపేర్లూ ఊళ్ళ నుంచే రాలేదు. తోట, చింత, గుమ్మడి, మేకల, ముత్యాల వంటివి చెట్లూ, పంటలూ, జంతువులూ, వస్తువుల నుంచి వచ్చాయి. కొన్ని పనుల నుంచి వచ్చాయి. ఇంకో సంగతి. ఒకే ఊరి నుంచి రకరకాల కుటుంబాలు బయటికి వెళ్ళాయి కాబట్టి, ఒకే ఇంటిపేరు వేరువేరు కులాలవారికి ఉంటుంది. అందుకని ఇంటిపేరు వినగానే మనిషిని కొలవడం తెలివితక్కువ పని. అది ఒక ఊరి జ్ఞాపకం, అంతే. అందులో గొప్ప లేదు, తక్కువ లేదు.

సర్వేపల్లి నుంచి తిరుత్తణికి

సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో, నెల్లూరు పట్టణానికి దగ్గరలో, వెంకటాచలం మండలంలో ఉన్న ఊరు. ఆ ఊరి పేరుతో శాసనసభ నియోజకవర్గం కూడా ఉంది. రాధాకృష్ణన్‌గారి పూర్వీకులు ఆ ఊరివారు. అక్కడి నుంచి దక్షిణంగా వచ్చి తిరుత్తణి ప్రాంతంలో స్థిరపడ్డారు. తిరుత్తణి కొండమీద సుబ్రహ్మణ్యస్వామి వెలసిన క్షేత్రం. అది తెలుగూ తమిళమూ కలిసి వినిపించే సీమ. సర్వేపల్లివారు వచ్చారని అక్కడివాళ్ళు అనుకున్నారు, ఆ మాటే వాళ్ళ ఇంటిపేరుగా నిలిచిపోయింది.

1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో రాధాకృష్ణన్‌గారు పుట్టారు. తండ్రి వీరాస్వామిగారు జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. తల్లి సీతమ్మగారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, వీధిలో తమిళం వినిపించేది.

ఇప్పుడు ఆయన పూర్తి పేరు మళ్ళీ ఒకసారి చదవండి. సర్వేపల్లి రాధాకృష్ణన్. మొదటి మాట నెల్లూరు జిల్లా ఊరిది. రెండో మాట చివర ఉన్న పొల్లు నకారం తమిళ సంప్రదాయం. మనమైతే రాధాకృష్ణ అనో రాధాకృష్ణయ్య అనో పిలుచుకుంటాం. తమిళులు చివర నకారం చేర్చి రాధాకృష్ణన్ అంటారు. కుటుంబం బయలుదేరిన చోటు ముందు మాటలో ఉంది, చేరిన చోటు చివరి అక్షరంలో ఉంది. రెండు మాటల్లో ఆ ఇంటివారి ప్రయాణమంతా కనిపిస్తుంది.

చదువు కోసం ఊళ్ళు

వారిది కలిగిన కుటుంబం కాదు. తిరుత్తణిలో మొదటి పాఠాలు అయ్యాక, 1896లో, ఎనిమిదేళ్ళ వయసులో, ఆయన్ను తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చేర్పించారు. అక్కడి నుంచి వెల్లూరు వెళ్ళి వూరీస్ కళాశాలలో చదివారు. తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. చదువంతా ఉపకార వేతనాల మీదే సాగింది. ఇరవై ఏళ్ళు నిండేసరికి ఆయన నాలుగు ఊళ్ళు మారారు. మీలో కొందరి లెక్క ఇంతకంటే ఎక్కువే ఉంటుందని నాకు తెలుసు.

తత్త్వశాస్త్రం ఆయన కోరి ఎంచుకున్నది కాదు. ఏ పుస్తకాలు కొనాలన్నా డబ్బు కావాలి. అప్పుడే పట్టా పుచ్చుకున్న ఒక బంధువు తన తత్త్వశాస్త్రం పుస్తకాలు ఆయనకు ఇచ్చేశారు. పుస్తకాలు చేతిలో ఉన్నాయి కాబట్టి అదే చదివారు. పై తరగతి అన్నయ్యల పాత పుస్తకాలతో చదువుకునే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ పాత పుస్తకాలు ఆయన్ను చాలా దూరం తీసుకువెళ్ళాయి.

క్రైస్తవ కళాశాలలో కొందరు అధ్యాపకులు హిందూ తత్త్వంలో నీతికి చోటు లేదని విమర్శించేవారు. ఆ విమర్శ ఆయన్ను బాధించింది. కోపం తెచ్చుకోకుండా మూల గ్రంథాలు తెరిచి చదివారు. ఎం.ఎ. కోసం వేదాంతంలోని నీతి గురించి వ్యాసం రాశారు. విమర్శించిన కళాశాలలోనే ఆయన గురువు ప్రొఫెసర్ హాగ్ ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నారు. చదువు రోజుల్లోనే శివకాముగారితో ఆయనకు పెళ్ళయింది. వారికి ఐదుగురు కుమార్తెలు, ఒక కుమారుడు.

బదిలీల మాస్టారు

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్ర విభాగంలో ఉద్యోగం దొరికింది. ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి బదిలీ తప్పలేదు. కొంతకాలం రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో పాఠాలు చెప్పారు. మన శబరి నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది కదా, ఆ నీళ్ళు వెళ్ళే దారిలోనే ఆ ఊరు ఉంది.

1918లో మైసూరు విశ్వవిద్యాలయం ఆయన్ను ఆచార్యులుగా పిలిచింది. మహారాజా కళాశాలలో మూడేళ్ళు పనిచేశారు. రవీంద్రనాథ్ ఠాగూరు తత్త్వం గురించి ఆయన రాసిన పుస్తకం అదే ఏడాది వెలువడింది. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. ఆశుతోష్ ముఖర్జీగారు ఆయన్ను ఐదో జార్జి పేరుతో ఉన్న తత్త్వశాస్త్ర పీఠానికి ఆహ్వానించారు. మైసూరు విడిచి వెళ్ళే రోజున విద్యార్థులు ఒక బండిని పూలతో అలంకరించారు. గుర్రాలను విప్పేసి, తామే కాడి పట్టి, మాస్టారిని రైల్వే స్టేషను దాకా లాక్కెళ్ళారు. మైసూరు ఆయన సొంత ఊరు కాదు, కన్నడం ఆయన ఇంటి భాష కాదు. అక్కడ ఉన్నది మూడేళ్ళే. ఆ మూడేళ్ళలో పిల్లలు ఆయన్ను తమ మనిషిని చేసుకున్నారు.

కలకత్తాలో ఉండగా భారతీయ తత్త్వశాస్త్రం గురించి రెండు పెద్ద సంపుటాలు రాశారు. మొదటిది 1923లో, రెండోది 1927లో వచ్చాయి. 1926లో ఆక్స్‌ఫర్డులో ఉపన్యాసాలు ఇచ్చారు. అదే ఏడాది అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో జరిగిన అంతర్జాతీయ తత్త్వశాస్త్ర మహాసభలో మాట్లాడారు.

1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వాల్తేరు వచ్చారు. ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. కట్టమంచి చిత్తూరు దగ్గరి ఊరు. ఆయన తర్వాత వచ్చినవారు సర్వేపల్లివారు. 1936లో సర్వేపల్లివారు వెళ్ళాక మళ్ళీ కట్టమంచివారే వచ్చారు. రెండు చిన్న పల్లెల పేర్లు వాల్తేరు కొండమీద ఒకే కుర్చీలో ఒకదాని తర్వాత ఒకటి కూర్చున్నాయి.

వాల్తేరులో ఐదేళ్ళ కాలంలో ఆయన కొత్త శాఖలు తెరిచారు. హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ వంటి యువ అధ్యాపకులను బెంగాలు నుంచి రప్పించారు. మన పొరుగున ఉన్న జైపూరు సంస్థానం మహారాజు విక్రమదేవవర్మగారు ఆ విశ్వవిద్యాలయానికి పెద్ద దాత. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. జగదల్‌పూర్ నుంచి కోరాపుట్ వైపు బస్సులో వెళ్ళినవారు ఆ జైపూరును చూసే ఉంటారు.

1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల పీఠం ఆయనకు అప్పగించింది. ఆక్స్‌ఫర్డులో ఆచార్య పీఠం అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 1939లో మదనమోహన మాలవీయగారి కోరికపై కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు, 1948 దాకా ఆ బాధ్యత మోశారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో విద్యార్థులు ఉద్యమంలోకి దూకారు. ఆ కోపంతో ప్రభుత్వం విశ్వవిద్యాలయ భవనాలను యుద్ధ ఆసుపత్రిగా మార్చాలని చూసింది. ఆయన ఢిల్లీ వెళ్ళి వైస్రాయికి నచ్చజెప్పి ఆ పని జరగకుండా ఆపారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షులయ్యారు. 1949లో సోవియట్ దేశానికి మన రాయబారిగా మాస్కో వెళ్ళారు. రాయబారులను అరుదుగా కలిసే స్టాలిన్ ఆయన్ను పిలిపించుకుని మాట్లాడాడు. 1952లో తిరిగి వచ్చి స్వతంత్ర భారత మొదటి ఉపరాష్ట్రపతి అయ్యారు. 1954లో భారతరత్న అందుకున్నారు. 1962 మే నుంచి 1967 మే దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. చైనాతో, పాకిస్తాన్‌తో రెండు యుద్ధాలు ఆ ఐదేళ్ళలోనే జరిగాయి. ఆయన పుట్టినరోజు జరుపుతామని కొందరు విద్యార్థులు, మిత్రులు అడిగినప్పుడు, దాన్ని ఉపాధ్యాయుల దినంగా జరిపితే సంతోషిస్తానన్నారు. 1962 నుంచి దేశమంతా అలాగే జరుపుకుంటున్నాం. పదవి విడిచాక మద్రాసు మైలాపూరులోని తమ ఇంటికి చేరారు. 1975 ఏప్రిల్ 17న మద్రాసులోనే కన్నుమూశారు. ఆ ఇల్లున్న రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే.

ఊరే బదిలీ అయితే

మనకు బదిలీ అయితే మనం ఊరు మారతాం. రాధాకృష్ణన్‌గారి జీవితంలో ఊరే బదిలీ అయింది. ఆయన పుట్టినప్పుడు సర్వేపల్లి, తిరుత్తణి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రెండూ ఆంధ్రలోకి వచ్చాయి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సవరించారు. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ రాష్ట్రమే తర్వాత తమిళనాడు అయింది. అప్పుడు ఆయన ఉపరాష్ట్రపతి. ఇంటిపేరులోని ఊరు ఒక రాష్ట్రంలో ఉండిపోయింది, పుట్టిన ఊరు మరో రాష్ట్రానికి వెళ్ళింది.

నువ్వు ఆంధ్రావా, తమిళుడివా, ఛత్తీస్‌గఢ్‌వా అని తోటి పిల్లలు అడిగితే మీలో చాలామంది తడబడతారు. ఆ తడబాటులో తప్పు లేదు. గీతలు మారుతుంటాయి. ఆయన ఇంటిపేరు మాత్రం ఏ గీతనూ పట్టించుకోకుండా ఉన్నది ఉన్నట్టుగా నిలిచింది.

ఒక్క అక్షరంగా మిగిలిన ఊరు

మద్రాసులో ఇంటిపేరు పూర్తిగా రాసే అలవాటు తక్కువ. తమిళులు పేరు ముందు సాధారణంగా తండ్రి పేరులోని మొదటి అక్షరం రాస్తారు. మన మాస్టారు ఎస్. రాధాకృష్ణన్ అని రాసుకున్నారు. చూసినవారికి అది తండ్రి పేరని అనిపించవచ్చు. కానీ తండ్రి పేరు వీరాస్వామి కదా. ఆ ఎస్. సర్వేపల్లిదే.

విదేశాల్లో మరో చిక్కు వచ్చింది. అక్కడ చివరి మాటే కుటుంబం పేరు. అందుకని వాళ్ళకు ఆయన డాక్టర్ రాధాకృష్ణన్ అయ్యారు. ఆయన కుమారుడు గోపాల్‌గారు గొప్ప చరిత్రకారులు. ఢిల్లీలో జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. నెహ్రూగారి జీవితాన్ని మూడు సంపుటాల్లో రాశారు. 1989లో తండ్రిగారి జీవితచరిత్ర కూడా రాశారు. ఆయన తన పేరు ఎస్. గోపాల్ అని రాసుకున్నారు. ఒక పుస్తకం మీద రాధాకృష్ణన్, ఇంకో పుస్తకం మీద గోపాల్ అని చూసిన పరదేశీకి వీరిద్దరూ తండ్రీకొడుకులని తెలిసే దారి లేదు. వారిని కలిపే దారం ముందున్న ఆ ఒక్క అక్షరమే. అది కూడా తీసేస్తే దారం తెగిపోతుంది. ఫారంలో ఇంటిపేరు వదిలేస్తే ఏమవుతుందని అడిగిన అమ్మాయికి నేను చెప్పవలసిన జవాబులో సగం ఇదే.

రాధాకృష్ణన్‌గారి కుమార్తెలు ఐదుగురు. ఆ కాలపు పద్ధతిలో పెళ్ళయ్యాక అమ్మాయిల ఇంటిపేరు మారేది. అందువల్ల ఇంటిపేరు ఒక కుటుంబం కథలో సగమే చెబుతుంది. అమ్మ పుట్టింటి ఇంటిపేరు, అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు కూడా అడిగి తెలుసుకుంటేనే మిగతా సగం దొరుకుతుంది. ఇవాళ చాలామంది అమ్మాయిలు పెళ్ళయినా పుట్టింటి పేరే ఉంచుకుంటున్నారు. అది వారి ఇష్టం.

ఇల్లే పేరైన మరో దేశం

ఇంటిపేరు అనే మాట మనకు అలవాటైపోయి దాని అర్థం ఆలోచించం. ఇంటి యొక్క పేరు. సరిగ్గా ఇదే పద్ధతి ఉన్న జనం యూరప్‌లో ఉన్నారు. స్పెయిన్, ఫ్రాన్సు దేశాల మధ్య పిరనీస్ కొండల దగ్గర బాస్క్ జనం ఉంటారు. వారి భాషకు చుట్టుపక్కల భాషలతో చుట్టరికం లేదు. వారి ఇంటిపేర్లలో చాలా భాగం నిజంగా ఇళ్ళ పేర్లే. కొత్త ఇల్లు అనే అర్థం వచ్చే ఎచెబెర్రి వాటిలో ఒకటి. ఆ మాట ఒక చోట నోళ్ళలో అరిగి హావియేర్ అయింది, ఒక ఊరికీ కోటకూ పేరైంది. 1506లో ఆ కోటలో పుట్టిన ఫ్రాన్సిస్ అనే అబ్బాయి పెద్దవాడై మతబోధకుడిగా 1542లో గోవా వచ్చాడు. 1552లో చైనా తీరంలోని ఒక దీవిలో చనిపోయాడు. ఆయనే సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్. ఆయన దేహం గోవాలోని చర్చిలో ఉంది. మీలో ఎందరో సెయింట్ జేవియర్ పేరుగల బడుల్లో చదివి వచ్చారు. ఆ పేరుకు అర్థం కొత్త ఇల్లు. ప్రతి బదిలీకీ కొత్త ఇల్లు వెతుక్కునే మనకు ఈ సంగతి భలే నచ్చుతుంది.

అంత దూరం ఎందుకు, మన భేజ్జి సంగతే చూడండి. ఈ చుట్టుపక్కల గ్రామాల పిల్లల పేర్లలో మడకం, సోడి, కుంజాం, పొడియం వంటి పేర్లు వినిపిస్తాయి. ఇవి ఊళ్ళ పేర్లు కావు, వంశాల పేర్లు. కోంటా దాటి చింతూరు, భద్రాచలం వైపు వెళ్ళండి. అక్కడి కోయ కుటుంబాల్లోనూ ఈ పేర్లే వినిపిస్తాయి. ఉచ్చారణ కొంచెం మారుతుంది. ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని మనం గీసిన గీతలకు అటూ ఇటూ ఆ చుట్టరికాలు అలాగే ఉన్నాయి. మన పక్క బెంచీ మీద కూర్చున్న స్నేహితుడి పేరులో మన పాఠ్యపుస్తకంలో లేని చరిత్ర ఉంది. అడిగి తెలుసుకోండి, వెక్కిరించకండి.

జవాబులో మిగతా సగం

సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు పుట్టింది సర్వేపల్లిలో కాదు. చదివిందీ, ఉద్యోగం చేసిందీ అక్కడ కాదు. ఆ ఊరు విడిచివచ్చినవారు ఆయన పూర్వీకులు. అయినా ఆ పేరును ఆయన వదిలేయలేదు. ఆక్స్‌ఫర్డుకూ, మాస్కోకూ, రాష్ట్రపతి భవన్‌కూ ఆ పల్లె పేరు ఆయనతో వెళ్ళింది. సర్వేపల్లి ఆయనకు ఉద్యోగం ఇవ్వలేదు, పదవి ఇవ్వలేదు. పేరు ఇచ్చింది. ఆయన ఆ ఊరికి తిరిగి ఇచ్చింది కూడా పేరే. నెల్లూరు జిల్లా చూడనివారు కూడా ఇవాళ సర్వేపల్లి అనే మాట విన్నారంటే అది ఆయన వల్లే.

దీనితోపాటు రెండో మాట కూడా గుర్తుంచుకోవాలి. ఇంటిపేరులో ఊరు ఉన్నంత మాత్రాన మైసూరు పిల్లలు ఆయన బండి లాగలేదు. ఆయన పాఠం బాగా చెప్పినందుకు లాగారు. ఎక్కడి నుంచి వచ్చామో ఇంటిపేరు చెబుతుంది. ఉన్నచోట మన మనుషులు అనిపించుకోవడం మాత్రం మన పని వల్ల, మన నడవడి వల్ల జరుగుతుంది. ఆయన ఇంటిపేరును నిలుపుకున్నారు, వెళ్ళిన ప్రతి ఊరినీ సొంతం చేసుకున్నారు. మీరూ రెండూ చేయవచ్చు.

ఇక మీ మాస్టారుగా చిన్న పని చెబుతున్నాను. ఈ సెలవుల్లో తాతయ్యకో నాయనమ్మకో అమ్మమ్మకో ఫోను చేయండి. మీ ఇంటిపేరు ఎక్కడిదో అడగండి. ఊరిది అయితే ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో, అక్కడి నుంచి ఎవరు, ఎందుకు కదిలారో అడగండి. కరువు వల్లో, కొలువు కోసమో, పెళ్ళి వల్లో, ఏదో ఒక కారణం ఉంటుంది. అమ్మ పుట్టింటి పేరు కూడా అడగండి. అంతా నోటుబుక్కు చివరి పేజీలో రాసుకోండి. చెప్పేవారు ఉన్నప్పుడే అడగాలి. నేను అడగడానికి ఆలస్యం చేశాను. మా తాతగారితోపాటే ఆ కథ వెళ్ళిపోయింది. నా ఇంటిపేరులోని ఊరు ఏ జిల్లాలో ఉందో ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఇంకో చిన్న జాగ్రత్త. పేరు ఏ వరుసలో రాసినా, జనన ధ్రువపత్రం, ఆధార్, టి.సి., పదో తరగతి రిజిస్ట్రేషన్ అన్నింటిలో ఒకే విధంగా, ఒకే స్పెల్లింగుతో ఉండేలా చూసుకోండి. తేడా ఉంటే పదో తరగతికి ముందే అమ్మానాన్నలకు చెప్పి సరిచేయించుకోండి. నాలాగా అఫిడవిట్లు పట్టుకుని తిరగవద్దు.

ఆ ఆరో తరగతి అమ్మాయి మర్నాడే అమ్మమ్మకు ఫోను చేసి వచ్చింది. ఊరు ప్రకాశం జిల్లాలో ఉందట. చెరువు తెగిపోయిన ఏడాది వాళ్ళ ముత్తాత తండ్రి అక్కడి నుంచి బయలుదేరారట. ఫారంలో చివరి పేరు అని ఉన్న గడిలో ఆ అమ్మాయి ఇంటిపేరును ఒక్క అక్షరం కూడా తగ్గించకుండా పూర్తిగా రాసింది. రాసి, ఈ ఎండాకాలం ఆ ఊరికి తీసుకెళ్తానని నాన్నగారు మాట ఇచ్చారని చెప్పింది. వెళ్ళి వచ్చాక తన అనుభవం వచ్చే సంచికకు రాసి ఇవ్వమని అడిగాను. సరేనంది.

మీ తెలుగు ఉపాధ్యాయుడు